పాలరంగు ప్లాస్టిక్‌లో వెలుగు లెక్క

ఎల్ఈడీ బల్బు గుండు ఊడదీస్తే లోపల కళ్లు మిరుమిట్లు గొలిపే చుక్కలు కనిపిస్తాయి. తిరిగి బిగించగానే చుక్కలు మాయమై వెలుగు పాలలా పరుచుకుంటుంది. ఈ పని ప్లాస్టిక్‌లో కలిపిన, కంటికి ఆనని రేణువులది. తయారీకి ముందే వాటి ప్రభావాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడమే పరిక్షేపక ప్లాస్టిక్ నమూనా.

అక్రిలిక్ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం సుమారు 1.49, అందులో రేణువులుగా కలిపే సిలికోన్ పూసలది 1.43 దరిదాపు. తేడా తక్కువ కనుక కిరణం కొద్దికొద్దిగా పక్కకు ఒరుగుతూ ముందుకే సాగుతుంది. గుణకం 2.5 దాటిన టైటానియం డయాక్సైడ్ కలిపితే చాలా వెలుగు వెనక్కి మళ్లుతుంది. తెల్ల పెయింటుకు అది వరం, బల్బు గుండుకు నష్టం.

లైట్‌టూల్స్, ట్రేస్‌ప్రో, జీమాక్స్ ఆప్టిక్‌స్టూడియో వంటి సాఫ్ట్‌వేర్లు మాంటీకార్లో అనే యాదృచ్ఛిక పద్ధతిలో లక్షల కిరణాలను వదులుతాయి. కిరణం ఒక రేణువు నుంచి మరో రేణువుకు సగటున ఎంత దూరం పోతుందో చెప్పేది స్వేచ్ఛాపథం. తగిలాక ఎటు తిరుగుతుందో చెప్పడానికి ఎక్కువగా వాడేది హెన్యీ, గ్రీన్‌స్టైన్ 1941లో నక్షత్రాల నడుమ ధూళి కోసం రాసిన సూత్రం. అందులో ‘జీ’ అనే ఒక్క సంఖ్య ఉంటుంది: సున్నా అయితే అన్ని దిక్కులకూ సమానం, ఒకటికి దగ్గరైతే దాదాపు సూటిగా ముందుకే. రేణువులు గుండ్రంగా ఉండి, వాటి పరిమాణం, గుణకం తెలిస్తే గుస్తావ్ మీ 1908లో ఇచ్చిన సిద్ధాంతం మరింత నమ్మదగినది.

అసలు చిక్కు ఇక్కడే. 2 మిల్లీమీటర్ల రేకులు రెండు తీసుకుందాం. ఒకదానిలో జీ 0.9, స్వేచ్ఛాపథం 0.1 మి.మీ.; రెండోదానిలో జీ 0.5, స్వేచ్ఛాపథం 0.5 మి.మీ. వాటిగుండా వచ్చే మొత్తం వెలుగు దాదాపు ఒకటే. మొదటి రేకులో ఏ రేణువుకూ తగలకుండా సూటిగా దాటే వెలుగు లేనట్టే లెక్క. రెండోదానిలో అది 1.8 శాతం. ఆ కొంచెమే వెనకున్న ఎల్ఈడీ చుక్కలను బయటపెట్టేస్తుంది! మొత్తం వెలుగును మాత్రమే కొలిచి నమూనా కట్టినవారికి ఈ తేడా తెరమీద కనబడదు, చేతికొచ్చిన వస్తువులో కనబడుతుంది.

హేజ్ కొలత కూడా పూర్తిగా ఆదుకోదు. ఏఎస్‌టీఎం డీ1003 ప్రమాణం ప్రకారం 2.5 డిగ్రీలకు మించి పక్కకు తిరిగిన వెలుగు వాటానే హేజ్. అది ఏయే కోణాలకు చేరిందో చెప్పదు. 30 శాతం దాటిన రేకుకు ఆ ప్రమాణమే కోణాలవారీ కొలత వైపు చూపుతుంది.

అలా కొలిచిన పట్టికను నమూనాలో ఉపరితల లక్షణంగా రేకుకు అతికించవచ్చు. లెక్క త్వరగా తెములుతుంది, కానీ అది ఆ మందానికే పనికొస్తుంది. గుండు మందం మారేచోట లోపలి రేణువులనే లెక్కించాలి. అందుకు ఒకే పదార్థాన్ని కనీసం రెండు మందాల్లో కొలిచి, రెండింటికీ సరిపోయే స్వేచ్ఛాపథాన్ని, జీ విలువను వెతకాలి. చాలా పలుచని ముక్కలో కిరణం సాధారణంగా ఒక్క రేణువుకే తగులుతుంది కనుక అక్కడ జీ దాదాపు నేరుగా దొరుకుతుంది.