ఆ ఊరి నీళ్ళు: నెల్లూరు మెట్టలో ఎముకల చరిత్ర

మా చిన్నతనంలో మా ఇళ్ళకు వెల్ల వేయడానికి రాతిసున్నం వాడగా నేను చూడలేదు. కావలికి తూర్పున, సముద్రపు హోరు వినబడేంత దూరంలో ఉన్న పల్లె మాది. ఉప్పుటేరులో ఏరుకొచ్చిన గుల్లలను బట్టీలో కాల్చి నీళ్ళు చల్లితే అవి బుసబుస పొంగి తెల్లటి పిండిగా విచ్చుకునేవి. గోడలకూ ఆ సున్నమే, మా నాయనమ్మ తమలపాకుకూ ఆ సున్నమే. తాగడానికి ఇసుకలో తవ్విన దొరువు నీళ్ళు.

ఏడాదికొకసారి పడమటి నుంచి, అంటే పొదిలి వైపు నుంచి, దూరపు బంధువొకాయన వచ్చేవాడు. అరుగు మీద కూర్చున్న ఆయనను పక్కనుంచి పిలిస్తే తల తిప్పి చూసేవాడు కాదు. మనిషి మనిషంతా ఇటు తిరిగేవాడు. "ఆయనకు మెడ తిరగదా?" అని పైకే అడిగేశాను. నాయనమ్మ కసిరి, లోపలికి తీసుకుపోయి, "ఆ ఊరి నీళ్ళు అట్టాంటివి రా అబ్బయ్యా" అంది.

ఆ ఒక్క వాక్యంలో ఉన్న వైద్యశాస్త్రం ఎంతో నాకు అర్థం కావడానికి పాతికేళ్ళు పట్టింది. శాస్త్రానికీ తక్కువ కాలమేమీ పట్టలేదు.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు రాజధానిలోని స్థానిక ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం వెలువడింది. రచయితలు నలుగురు: షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్. వారిలో హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసినవాడు. కాలా అజార్ జ్వరం ఇసుక ఈగ ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన బృందంలోను, మలేరియా క్రిమి మొదట కాలేయంలో పెరుగుతుందని 1948లో చూపించిన ఇద్దరిలోను ఆయన ఉన్నాడు. బార్నార్డ్ ఎక్స్-రే నిపుణుడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని రేడియాలజీ సంస్థ ఆయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది. ఇంతటివారు కలిసి రాసింది మన నెల్లూరు జిల్లా రైతుల వెన్నెముకల గురించి. మానవుల ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ భారతదేశంలో గుర్తింపు పొందింది ఈ వ్యాసంతోనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆనాటి నెల్లూరు జిల్లా ఇప్పటిది కాదు. దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు అందులోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్ళాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అందుచేత ఒక పుస్తకంలో "నెల్లూరులో మొదట కనుగొన్నారు" అనీ, మరొకదానిలో "ప్రకాశంలో మొదట కనుగొన్నారు" అనీ ఉంటుంది. రెండూ ఒకే ఊళ్ళు. జిల్లాలు మారాయి గాని బావులు మారలేదు. ఇప్పటి నెల్లూరు జిల్లాలో మిగిలిన ఉదయగిరి మెట్టకూ ఈ బాధ తప్పలేదు.

ఆ వైద్యులు చూసిన రోగం ఇలాంటిది. ముందు కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. తర్వాత నడుము పట్టేస్తుంది. ఆ బిగువు నడుము నుంచి వీపుకు, వీపు నుంచి మెడకు ఎక్కుతుంది. కొన్నేళ్ళకు వెన్నుపూసలన్నీ కలిసి ఒకే స్తంభమవుతాయి. పక్కటెముకలు కదలవు గనుక ఊపిరి పొట్టతోనే తీయాలి. చివరకు నరాలు నలిగి కాళ్ళు పడిపోతాయి. ఎక్స్-రే తీస్తే ఎముక సుద్దలాగా తెల్లగా, ఎముకలను కలిపే స్నాయువులు సైతం సున్నం పట్టి కనిపిస్తాయి. పిల్లల్లో ఇదే గారపళ్ళుగా బయటపడుతుంది. ఆ పళ్ళు చూసి ఏ ఊరివాడో చెప్పగలిగేవారు. పెళ్ళిచూపుల్లో అదొక లెక్క.

అదే కాలంలో ఇదే కథ ప్రపంచంలో వేర్వేరు చోట్ల ముక్కలు ముక్కలుగా బయటపడుతోంది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ పళ్ళ మరకల వెంట మెకే అనే దంతవైద్యుడు 1901 నుంచి తిరిగాడు. కారణం ఫ్లోరైడ్ అని 1931లో అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త చర్చిల్ తేల్చాడు. కోపెన్‌హేగెన్‌లో క్రయొలైట్ రాయిని పొడిచేసే కార్మికుల ఎముకలు చిక్కబడ్డాయని 1932లో గమనించారు. వారి మీద కాయ్ రోహోల్మ్ రాసిన ఉద్గ్రంథం వచ్చిందీ 1937లోనే. డెన్మార్కు కార్మికుడు ఫ్యాక్టరీ ధూళి పీల్చాడు. పొదిలి రైతు తన బావి నీళ్ళు తాగాడు. తేడా అంతే. ఫ్యాక్టరీ మానేయవచ్చు గాని బావిని ఎలా మానేస్తాడు?

ఆ బావిలో ఫ్లోరైడ్ ఎందుకుంది? ఆ నేల కిందనున్న గ్రానైటు, నైసు రాళ్ళలోని అభ్రకం, అపటైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. గూడూరు అభ్రకపు గనులను ఎరిగిన నెల్లూరీయులకు ఈ మాట వింతగా తోచదు. కాని రాతిలో ఉన్నంత మాత్రాన నీటిలోకి రాదు. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుక్కు దిగిపోతుంది. వానలు తక్కువై, ఎండ ఎక్కువై, నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, సోడియం బైకార్బొనేట్ పెరిగి, కాల్షియం సున్నపురాతి పలుకులుగా విడిపోయిన చోట ఫ్లోరైడ్‌ను పట్టుకునేవాడు లేడు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును మెట్ట బావులు అలవోకగా దాటేస్తాయి. చిత్రమేమిటంటే అలాంటి నీళ్ళు నాలుకకు తియ్యగానే ఉండవచ్చు, పప్పు కూడా బాగా ఉడుకుతుంది. కాల్షియం తక్కువైన మెత్తని నీళ్ళు కదా!

అంటే రోగానికి ఫ్లోరైడ్ పేరు పెట్టాం గాని, కథలో మొదటి పేజీ నుంచీ రెండో పాత్ర ఒకటుంది. కాల్షియం. (కొందరు పెద్దలు దీనిని ఖటికం అన్నారు. నాకు ఆ మాట ఇష్టమే గాని, మందుల షాపులో పనికిరాదు.)

శరీరంలో కాల్షియం పెద్దవారిలో కిలో దాకా ఉంటుంది. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకల్లోనే. ఆ మిగిలిన ఒక్క పాలే మనలను బతికిస్తోందని మొదట తెలిసిన వైనం కూడా ఊరి నీళ్ళ కథే. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి కొట్టుకునేలా చేశాడు. ఆ నీళ్ళు బట్టీ పట్టిన శుద్ధజలమని ఆయన అనుకున్నాడు. నిజానికి సహాయకుడు పోసినవి కుళాయి నీళ్ళు. నిజంగానే శుద్ధజలం వాడి చూస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీటిలోని కాల్షియమే దానిని ఆడించిందని 1883లో ప్రకటించాడు. ఒక సహాయకుడి బద్ధకం శరీరధర్మశాస్త్రానికి చేసిన మేలు అంతా ఇంతా కాదు.

జీవకణం లోపల కాల్షియం బయటికంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కణం దానిని నిరంతరం బయటికి తోడిపోస్తుంది. ఎందుకింత పగ? కణంలో శక్తి వ్యవహారమంతా ఫాస్ఫేటుతో నడుస్తుంది. ఆ సంగతి లోకానికి తెలియడంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వాటా ఉంది. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది, తర్వాత ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఫాస్ఫేటూ కాల్షియమూ ఒకచోట పోగైతే గట్టిపడి ఎముక రాయి అవుతుంది. కణం తాను రాయి కాకుండా ఉండడానికి కాల్షియాన్ని గెంటేసింది. అలా గెంటేసినందువల్లే, ఎప్పుడైనా తలుపు తెరిచి కొంచెం లోపలికి వదిలితే అదొక స్పష్టమైన కబురయింది. కండరంలో ట్రొపోనిన్, ఇతర కణాల్లో కాల్మొడ్యులిన్ అనే మాంసకృత్తులు ఆ కబురును అందుకుంటాయి. చేప కండరంలోని పార్వాల్బుమిన్ నిర్మాణాన్ని 1973లో క్రెట్సింగర్ ప్రకటించినప్పుడు, కాల్షియాన్ని గుప్పిట పట్టే ఆ మడత చూపుడువేలు, బొటనవేలు చాచిన చేతిలా ఉందన్నాడు. ట్రొపోనిన్‌లోను, కాల్మొడ్యులిన్‌లోను అదే చెయ్యి.

ఇప్పుడు మళ్ళీ పొదిలికి వద్దాం. ఎముక అనేది కాల్షియం ఫాస్ఫేటు పలుకుల గోడ. ఆ పలుకులో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట ఫ్లోరైడ్ చేరితే పలుకు మరింత గట్టిదవుతుంది, తొందరగా కరగదు. పైగా ఫ్లోరైడ్ ఎముకను కట్టే కణాలను రెచ్చగొడుతుంది. అవి అవసరం లేని చోట కూడా గోడ కడుతూ పోతాయి. ఆ కట్టడానికి కాల్షియం కావాలి. ఎక్కడినుంచి? రాగులూ పాలూ పుష్కలంగా ఉన్న ఇంట్లో ఆహారం నుంచి వస్తుంది. లేని ఇంట్లో రక్తం నుంచి పోతుంది. రక్తంలో అది తగ్గితే గుండె, నరాలు తట్టుకోలేవు. అందుకే మెడలోని పార్శ్వ అవటు గ్రంథులు కాపలా కాస్తాయి. వాటి మీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకం ఒకటి ఉందని 1993లో బ్రౌన్, హెబర్ట్ బృందం బయటపెట్టింది. కాల్షియం రవ్వంత తగ్గగానే ఆ గ్రంథులు హార్మోనును వదిలి, ఎముకను తవ్వి రక్తానికి పోస్తాయి. ఫ్లోరోసిస్ రోగుల్లో ఈ గ్రంథులు అతిగా పనిచేస్తున్నాయని 1973లో తియోతియా దంపతులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. రక్తపరీక్షలో కాల్షియం చాలామందికి మామూలుగానే ఉంటుంది. ఆ మామూలుతనం కోసం ఎముకను ఒకవైపు కట్టి, మరొకవైపు తవ్వుతున్నారన్న మాట. మా బంధువు మెడ లోపల అన్నేళ్ళూ జరిగింది ఈ తవ్వకమే.

ఒకే బావి నీళ్ళు తాగిన ఇద్దరిలో ఒకడు వంగిపోయి, మరొకడు నిటారుగా ఉండడం ఊళ్ళో అందరూ చూసినదే. దీనిని శాస్త్రజ్ఞులు ఆలస్యంగా గమనించారనడానికి లేదు. 1940లోనే సి.జి. పండిట్, రాఘవాచారి మొదలైనవారు దక్షిణాది ఫ్లోరోసిస్ మీద రాస్తూ, నీటిలోని ఫ్లోరైడ్ ఒక్కటే లెక్క కాదనీ, తిండి లేమి రోగాన్ని ముదరబెడుతుందనీ చెప్పారు. ఈ పండిట్ గారే తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో మరో రూపాన్ని వర్ణించారు: ఫ్లోరైడ్ ప్రాంతంలోని కుర్రవాళ్ళకు మోకాళ్ళు ఒరుసుకునేలా కాళ్ళు వంకరపోవడం, ఎముక చిక్కబడడానికి బదులు పలచబడడం. ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరుస్తుందన్న పాఠానికి ఇది తలకిందులు. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరాదిలోని తియోతియాల సుదీర్ఘ పరిశీలనలు కూడా ఆహారంలో కాల్షియం కొరవడిన పిల్లలకే ఈ వైకల్యం తీవ్రమని చూపాయి.

నా అభిప్రాయం ఇది: దీనిని నీటి సమస్య అని మాత్రమే పేరు పెట్టి ఇంజనీరుకు అప్పజెప్పడంలో మనం సగం కథను పారేసుకున్నాం. బావి మీద ఎర్ర రంగు పూయడం సులువు. కూలింట పసివాడికి పాలు పోయడం సులువు కాదు.

పరిష్కారాలు రాలేదని కాదు. నాగపూరులోని నీరీ సంస్థ 1970లలో రూపొందించిన విధానానికి నల్లగొండ పేరే పెట్టారు. బ్లీచింగు పొడి, పటిక, సున్నం నీటిలో కలిపి, కదిలించి, తేరుకోనివ్వడం. 1980లో అనంతపురం జిల్లా కదిరిలో ఊరంతటికీ సరిపడే యంత్రాంగం నెలకొల్పారు. పటిక పాలు సరిగ్గా వేయాలి, అడుగున దిగిన మడ్డిని ఎక్కడో పారబోయాలి, రోజూ ఎవరో ఒకరు శ్రద్ధగా చేయాలి. ఈ మూడో షరతు దగ్గరే చాలా చోట్ల ఆగిపోయింది. సాగరు కుడికాలువ నీళ్ళు దర్శి వైపు చేరిన ఊళ్ళు కొంత ఊపిరి పీల్చుకున్నాయి. కాలువ అందని ఊళ్ళలో ఆర్వో నీళ్ళ క్యాన్లు వచ్చాయి. అవి ఫ్లోరైడ్‌ను తీసేస్తాయి, దానితోపాటు ఉన్న కాస్త కాల్షియాన్నీ తీసేస్తాయి.

వీటన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది పోషకాహార సంస్థవారు చేసిన చిన్న ప్రయోగం. బడిపిల్లలకు కొన్నాళ్ళు చింతపండు తినిపించి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రకటించారు. రోగం నయమైందని వారనలేదు, నేనూ అనడం లేదు. కాని రోజూ పులుసు లేనిదే ముద్ద దిగని మన మెట్ట పల్లెల్లో, ఆ పులుసు ఇన్నాళ్ళూ ఎంతోకొంత కాపు కాసిందేమోనన్న ఊహ మాత్రం నన్ను వదలడం లేదు.

మా బంధువు చివరిసారి వచ్చినప్పుడు నాయనమ్మ ఆయన వెంట ఒక బుట్టెడు ఎండు నెత్తళ్ళు కట్టి పంపింది. ముళ్ళతో సహా నమిలి తినమని మరీ మరీ చెప్పింది. ఎందుకని అప్పుడు అడగలేదు.