పటాన్‌చెరు సూది

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చుట్టుపక్కల ఆడవాళ్లను ఒక కొత్త సూది కోసం పిలిచారు. రెండు నెలలకోసారి వేయించుకుంటే కడుపు రాదన్నారు. ఆ మందు పేరు నెట్-ఎన్, అంటే నారెథిస్టెరోన్ ఎనాంథేట్. భారత వైద్య పరిశోధనా మండలి దాని మీద దేశంలో పలుచోట్ల పరీక్షలు జరుపుతోంది. పటాన్‌చెరు వాటిలో ఒకటి. వచ్చిన ఆడవాళ్లకు మాత్రం ఇది పరీక్ష అని ఎవరూ చెప్పలేదు. విషయం తెలిసి హైదరాబాదు నుంచి స్త్రీ శక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి ప్రశ్నలు వేశారు. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఢిల్లీ నుంచి సహేలీ, అహ్మదాబాదు నుంచి చింగారీ కలిసొచ్చాయి.

ఈ కథ మన ఉద్యమ చరిత్రలో కోర్టు కేసుగానే మిగిలింది. నాకు మాత్రం దీన్ని మరో వైపు నుంచి చూడాలనిపిస్తుంది. ఇలాంటి మందుల సైడ్ ఎఫెక్టుల జాబితాలో నెలసరి తప్పడం, ఆగకుండా రక్తం పోవడం, తలనొప్పి, ఆ తర్వాత ఎక్కడో 'బరువులో మార్పు' అని ఉంటుంది. చిన్న సమస్య కింద లెక్క. ఎవరి లెక్కలో చిన్నది?

ఆనాటి పటాన్‌చెరు ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. అప్పటికి అది మెదక్ జిల్లా. బొంబాయి రోడ్డు వెంట, మందుల కంపెనీలతో సహా, ఫ్యాక్టరీలు వరసగా లేస్తున్నాయి. తర్వాత కొన్నేళ్లకు నక్కవాగు కాలుష్యం కూడా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. పొలం పని నుంచి దినకూలికి మారిన ఇళ్లలో ఆడమనిషి తినేది అందరి తర్వాతే. రక్తహీనత సర్వసాధారణం. నలభై కిలోలున్న మనిషికైనా, ఎనభై కిలోలున్న మనిషికైనా డోసు ఒక్కటే, రెండు వందల మిల్లీగ్రాములు.

ఆ మందును కలిపేది ఆముదంలో. మన చేలల్లో పండే ఆముదమే! కండలోకి ఎక్కించిన నూనె నుంచి హార్మోను వారాల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. మాత్రయితే ఒంటికి పడకపోతే రేపే మానేయొచ్చు. సూది వేశాక వెనక్కి తీసే దారి లేదు. ఆకలి పెరిగినా, ఒళ్లు వచ్చినా, రక్తం ఆగకపోయినా ఆ రెండు నెలలూ భరించాల్సిందే.

ఈ సూదికి గొప్ప సుగుణంగా చెప్పేది గోప్యత. భర్తకు తెలియదు, అత్తకు తెలియదు, దిండు కింద మాత్రలు దొరకవు. నిజమే, ఎందరో ఆడవాళ్లకు అది అవసరం కూడా. కానీ ఒళ్లు దాగదు కదా. సంగారెడ్డిలో ఒకామె ఇలాంటి సూదే వేయించుకుని, నెలసరి నిలిచి, నడుము లావై, వాడకట్టులో ఎన్ని మాటలు పడిందో నాతో చెప్పుకుంది. "ఏందే, మల్ల నీళ్లోసుకున్నవా అని అడిగిండ్రు. కాదంటే నమ్మలే. మా ఆయన కూడా నమ్మలే" అంది. ఆమెను బాధపెట్టింది అద్దం కాదు. ఎవరికీ చెప్పకుండా తీసుకున్న నిర్ణయాన్ని తన ఒళ్లే బయటపెట్టేసింది. పట్టణపు పత్రికల్లో బరువంటే అందం గొడవ. ఇక్కడ అది అనుమానం, కొన్ని ఇళ్లలో దెబ్బలు.

అసలు బరువు ఎంత పెరుగుతుందన్నది తేలిగ్గా తేలే విషయం కాదు. నెట్-ఎన్‌కు అక్కలాంటిది డెపో ప్రోవెరా, మూడు నెలల సూది. అమెరికాలో దాని లేబుల్ మీదే ఉంది: సగటున ఏడాదికి రెండున్నర కిలోలు, రెండేళ్లకు మూడు కిలోల ఏడు వందల గ్రాములు, నాలుగేళ్లకు ఆరు కిలోల పైన. ఈ తరహా హార్మోన్లన్నిటి మీద జరిగిన అధ్యయనాలను పోల్చిన కాక్రేన్ సమీక్ష మాత్రం, చాలా వాటిలో ఏడాదికి పెరుగుదల రెండు కిలోల లోపేననీ, ఆధారాలు బలహీనమనీ అంటుంది. కొందరు తగ్గుతారు కూడా. సగటు అనేది పది కిలోలు పెరిగినామెను, రెండు కిలోలు తగ్గినామెను ఒకే గీత కింద దాచేస్తుంది. అందుకే 'అంతా మీ అపోహ' అనే డాక్టరుదీ, 'ఈ సూదితో అందరూ లావైపోతారు' అనే పొరుగింటామెదీ తొందరపాటే.

పటాన్‌చెరు కేసు పద్నాలుగేళ్లు నడిచింది. 2000లో ముగిసేనాటికి, నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడబోమని ప్రభుత్వం ఒప్పుకుంది. ముందుగా వివరించి చెప్పడానికీ, తర్వాత కనిపెట్టుకుని చూడడానికీ సదుపాయమున్న చోటే వాడాలన్నారు. ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ వ్యతిరేకతలో మనల్ని మనం ప్రశ్నించుకోవాల్సిన చోటూ ఒకటుంది. మందునే వద్దన్నామా, చెప్పకుండా వేయడాన్ని వద్దన్నామా? రెండూ కలగలిసిపోయాయి. సూది లేకపోతే మన ఆడవాళ్లకు మిగిలిందేమిటి? ఎమర్జెన్సీలో మగవాళ్ల ఆపరేషన్లు గగ్గోలయ్యాక టార్గెట్లన్నీ ఆడవాళ్ల మీదికి మళ్లాయి. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికీ తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు అరవై రెండు శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. సూది వాడేవాళ్లు ఒక శాతం కూడా లేరు. ఇరవై నాలుగేళ్లకే ఆపరేషన్ టేబుల్ ఎక్కడాన్ని ఎంపిక అనుకోవడం నాకు కష్టం.

ఇక డెపో సంగతి. 1993లో మన దేశంలో ప్రైవేటు అమ్మకానికి అనుమతి వచ్చింది. ప్రభుత్వ కార్యక్రమంలోకి వద్దని 1995లో మందుల సాంకేతిక సలహా మండలి చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే మండలి సరేనంది. 2017 నుంచి 'అంతర' పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. నెలసరి మార్పుల గురించీ, బరువు గురించీ, మానేశాక గర్భం రావడానికి ఆలస్యమవడం గురించీ ముందే చెప్పాలని దాని మార్గదర్శకాల్లో రాసి ఉంది. పటాన్‌చెరులో అడిగింది అదే.

రాసి ఉండడం వేరు. సంగారెడ్డి ఆమెను అడిగాను, సూది వేసేముందు ఏమైనా చెప్పారా అని. "చెప్పిండ్రు. ఒళ్లొస్తే మంచిదే కదమ్మా, బక్కగున్నవు అన్నరు" అంది. మూడో సూదికి ఆమె వెళ్లలేదు. ఎందుకు రాలేదని అడగడానికి కూడా ఎవరూ రాలేదట.