గగనం (2011 సినిమా)

గగనం 2011 ఫిబ్రవరి 11న విడుదలైన తెలుగు సస్పెన్స్ చిత్రం. దర్శకుడు రాధామోహన్, నిర్మాత దిల్ రాజు. ప్రకాశ్‌రాజ్ నిర్మాణంలో ‘పయనం’ పేరుతో తమిళంలోనూ వచ్చింది. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్ళే విమానాన్ని తీవ్రవాదులు హైజాక్ చేస్తారు. ఇంజన్ దెబ్బతినడంతో అది తిరుపతిలో దిగి అక్కడే ఇరుక్కుపోతుంది. జైల్లో ఉన్న యూసఫ్ ఖాన్‌ను వదిలిపెట్టాలని, వంద కోట్లు ఇవ్వాలని వాళ్ళ షరతు. మేజర్ రవీంద్రగా నాగార్జున, హోం శాఖ కార్యదర్శిగా ప్రకాశ్‌రాజ్ నటించారు. పాటలు లేవు.

ఈ సినిమాలో ఉత్కంఠకు మూలం తుపాకులకంటే ఎక్కువగా తేలని నిర్ణయం. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి బయల్దేరిన ఐసీ 814 విమానం హైజాక్ అయి అమృత్‌సర్‌లో ముప్పావు గంటకు పైగా నిలిచింది. కమాండోలు చేరేలోపే లేచిపోయింది. ఆ తర్వాత కాందహార్, ముగ్గురు ఖైదీల విడుదల. రాధామోహన్ ఆ ముప్పావు గంటనే సాగదీశాడనిపిస్తుంది: ఇంజన్ చెడగొట్టి విమానాన్ని మన నేల మీదే కట్టిపడేశాడు. ఎగిరిపోయిందన్న సాకు ఇక ఎవరికీ లేదు. చివరికి కమాండోలే గెలుస్తారు కనుక ఇది చరిత్రలో ఓడిన ఆటను తెర మీద గెలిచి తృప్తిపడటమే అనేవారున్నారు. కానీ కథలో ప్రభుత్వం ఖైదీని వదలడానికి ఒప్పుకుంటుంది. తరలిస్తుండగా అతను ప్రమాదంలో చనిపోవడంతోనే వేరే దారి వెతకాల్సి వస్తుంది. అధికారుల తటపటాయింపును దాచిపెట్టని ఈ మలుపే సినిమాలోని నిజాయితీ.

హాస్యం బిగువును సడలించిందన్న ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. అందులో కొంత నిజం ఉంది. పోయిన ఖైదీ స్థానంలో అతని పోలికలున్న చిన్న నటుణ్ణి తయారుచేసే ఘట్టంలో సినిమా దర్శకుడిగా బ్రహ్మానందం చేసే సందడి కాస్త ఎక్కువే. విమానంలోపలి హాస్యం దారి వేరు. తెర మీద ఎందరినో చితకబాదే స్టార్ హీరో సీట్లో బిక్కచచ్చిపోయి కూర్చుంటాడు. అతని వీరాభిమానీ అదే విమానంలో చిక్కుకున్నాడు. ప్రేక్షకుడు నవ్వుతూనే ఆ భయాన్ని తనదిగా గుర్తుపడతాడు. పాస్టరు, డాక్టరు, ఎయిర్ హోస్టెస్ ఒక్కొక్కరుగా పరిచయమయ్యాకే వాళ్ళ ప్రాణానికి బరువు వస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఎవరూ ఊపిరి బిగబట్టరు.

విమానం ఎక్కేవాళ్ళ కథ మనకెందుకని పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే ఊరైన ఖరగ్‌పూర్‌లో, గోల్‌బజార్‌లో ఎవరైనా అడగొచ్చు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఊరది. 2009 అక్టోబరు 27న ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్‌లోనే, ఝార్‌గ్రామ్ దగ్గర బాంస్తలాలో, భువనేశ్వర్ రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను పోలీసు అత్యాచారాల వ్యతిరేక ప్రజా కమిటీ కార్యకర్తలు గంటల తరబడి ఆపేశారు. అరెస్టయిన తమ నాయకుడు ఛత్రధర్ మహతోను విడిచిపెట్టాలన్నది వాళ్ళ డిమాండ్లలో ముఖ్యమైనది. అంతకు కొద్ది రోజుల ముందే, అపహరణకు గురైన సాంక్రాయిల్ ఠాణా అధికారి క్షేమంగా తిరిగొచ్చేందుకు జైల్లో ఉన్న ఆదివాసీ మహిళలకు బెయిలు దొరికేలా ప్రభుత్వం చూసింది. ఒక విడుదల మరో డిమాండుకు దారితీస్తుందా, ప్రయాణికుల ప్రాణం ముందా అన్న చిక్కు తిరుపతి రన్‌వే మీద కల్పించినదే కాదు, ఈ పట్టాల మీదా వచ్చింది. రాజధాని ప్రయాణికులు ప్రాణహాని లేకుండా బయటపడ్డారు. 2010 మే 28న అదే మార్గంలో జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, గూడ్సు బండి ఢీకొని 140 మందికి పైగా చనిపోయారు. ఆ సెక్షన్‌లో రాత్రిపూట ప్యాసింజరు బండ్లు నెలల తరబడి ఆగిపోయాయి. గగనం థియేటర్లకు వచ్చింది ఆ మరుసటి ఏడాదే.