ఎర్ర తేల్ తారీఖ్

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. తెలంగాణ గరీబుల రోజీరోటీ తారీఖ్ మొత్తం ఈ మూడు మాటల్లో ఉందని మనకాడ అంటారు. సిరిసిల్ల నేతగాళ్లు భివండి మగ్గాల దారి పట్టారు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల నుంచి ఎంతోమంది సముందర్ దాటారు. వాళ్లలో కొందరి ఇఖామా మీద ‘సాయిఖ్ ఖాస్’ అని రాసి ఉండేది. అంటే ఇంటి డ్రైవర్. ఇక్కడ వాళ్లు నేర్చుకున్నది జీపు, అంబాసిడర్, లారీ. అన్నీ క్లచ్ బండ్లే. అక్కడ తాళం చేతికిచ్చిన బండికి క్లచ్ పెడలే లేదు. గేర్‌బాక్స్‌లో మాత్రం ఎర్రటి తేల్ ఉంది. దాని మట్టం, దాని వేడి చూడటం వాళ్లకు కొత్త హునర్. ఆ హునర్ ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది అన్నదే ఈ మజ్మూన్.

కిస్సా జర్మనీ ఓడల కాడ షురూ అవుతుంది. ఓడలోని టర్బైన్ జోరుగా తిరుగుతుంది, నీళ్లలోని పంఖా నిదానంగా తిరగాలి. ఈ రెండిటి మధ్య పళ్ల చక్రాలకు బదులు ద్రవమే తాకత్ మోసే యంత్రానికి 1905లో హెర్మన్ ఫోటింగర్ అనే ఇంజనీర్ పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటి టార్క్ కన్వర్టర్‌కు తాత అదే. 1939 చివర్లో జనరల్ మోటార్స్ ‘హైడ్రామాటిక్’ గేర్‌బాక్స్‌ను ఓల్డ్స్‌మొబీల్ కార్లలో తెచ్చింది. రెండో జంగ్‌లో అదే గేర్‌బాక్స్ అమెరికా ట్యాంకుల్లోకీ ఎక్కింది. 1948లో బ్యూక్ కార్లకు టార్క్ కన్వర్టర్ వచ్చింది.

మామూలు ఇంజన్ ఆయిల్‌తో ఈ గేర్‌బాక్స్‌లు సరిగ్గా నడవవు. అందుకే 1949లో జనరల్ మోటార్స్ ‘టైప్ ఎ’ పేరుతో ఖాస్ తేల్‌ను తెచ్చింది. లోపలి క్లచ్ పలకలు ఝట్కా లేకుండా పట్టుకోవడానికి అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. కెమిస్టులు దాని బదులు వేరే మసాలా వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంజన్ ఆయిల్‌కూ దీనికీ తేడా తెలియాలని ఎర్ర రంగు కలిపారు.

ఈ తేల్ మీద మూడు జిమ్మేదారీలు ఉన్నాయి. ఇంజన్ తాకత్‌ను మోయాలి. ఒత్తిడితో క్లచ్ పలకల్ని బిగించాలి. పుట్టిన వేడిని బయటికి తీసుకుపోవాలి. తేల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, పలకలు జారతాయి, కాలతాయి. ఎక్కువైతే తిరిగే చక్రాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. నురగలోనూ గాలే కాబట్టి నతీజా అదే. పైగా తేల్ వేడికి వ్యాకోచిస్తుంది. 8 లీటర్ల తేల్ 40 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు పోతే దాదాపు పావు లీటరు పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే వేడి తెలియకుండా మట్టం చూడటం, బుఖార్ సంగతి అడగకుండా నబ్జ్ చూడటం లాంటిది.

అప్పటి కార్లలో దీనికి ఓ సాదా ఇలాజ్ ఉండేది. బానెట్ కింద ఒక పుల్ల. టయోటా బండ్ల పుల్ల మీద ‘కూల్’ అని ఒక గుర్తు, ‘హాట్’ అని ఇంకో గుర్తు. బండిని 20 కిలోమీటర్ల పైన నడపాలి, అంటే దాదాపు కోరుట్ల నుంచి జగిత్యాల దాకా. అప్పుడు తేల్ 70, 80 డిగ్రీలకు వస్తుంది. చదును నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి పట్టి, ఇంజన్ నడుస్తుండగానే గేర్ కడ్డీని అన్ని స్థానాలకూ తిప్పి మళ్లీ పార్క్‌లో పెట్టాలి. పుల్ల తీసి, పోగులు రాలని బట్టతో తుడిచి, లోపల పెట్టి మళ్లీ తీయాలి. మట్టం ‘హాట్’ గుర్తుల మధ్య ఉంటే ఖైర్. ఎండలో చాలాసేపు జోరుగా నడిపి వస్తే అరగంట ఆగి చూడాలి. హోండా కాయిదా వేరు. ఇంజన్ ఆపిన 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. తేల్ గోధుమ రంగుకు తిరిగి, మాడు వాసన వస్తే లోపల పలకలు కాలుతున్నాయని నిషానీ.

రేగిస్తాన్ ఎండలో ఏసీ వేసుకుని స్కూలు ముందు, బజారు ముందు గంటలు నిలబడే బండికి ఈ పుల్ల ఎంత కీమతీదో ఇంటి డ్రైవర్‌కు తెలుసు. గేర్‌బాక్స్ పోతే ముందు అడిగేది అతన్నే. తప్పు తనది కాదని చెప్పుకోవడానికి అతని చేతిలో ఉన్న ఒకే సబూత్ ఆ పుల్ల. బండి ఇంకొకరిదైనా దాని హాల్ తెలుసుకునే హక్ అతనికి ఉండేది.

2000 తర్వాత ఒక్కో కంపెనీ ఆ పుల్లను తీసేసింది. కంపెనీల దలీల్ ఏమంటే: తేల్ బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది, పుల్ల గొట్టంలోంచి దుమ్ము పడుతుంది, తెలియనివాళ్లు తప్పు తేల్ పోస్తారు. రెండోదీ మూడోదీ అబద్ధం కాదు. మొదటిదాన్ని మాత్రం గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీయే పూర్తిగా ఒప్పుకోదు. 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య తేల్ మార్చమంటుంది. 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకు తేల్ ఉమర్ సగం అవుతుందని మెకానిక్కుల అందాజా.

పుల్ల లేని బండికి కింద ఒక బిరడా ఉంటుంది. బండి చదునుగా పైకి లేచి ఉండాలి, ఇంజన్ నడవాలి, తేల్ వేడి చాలా టయోటా బండ్లలో 35, 45 డిగ్రీల మధ్య ఉండాలి. అప్పుడు బిరడా తీస్తే ధార వచ్చి చుక్కలుగా మారాలి. ఏమీ రాకపోతే తేల్ తక్కువ.

ఇక్కడే మన మౌసమ్ అడ్డం పడుతుంది. మే నెల మధ్యాహ్నం కోరుట్లలో గాలే 45 డిగ్రీలకు అటూఇటూ ఉంటే, ఇంజన్ స్టార్ట్ చేయకముందే ఆ హద్దు దాటిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఈ పని ఫజర్ వేళ, రాత్రంతా చల్లారిన బండి మీద చేయాలి. వేడి చూడటానికి స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించి ఫోన్‌లో చదివే చిన్న స్కానర్లు దొరుకుతున్నాయి. చాలా బండ్లలో అవి గేర్‌బాక్స్ వేడి చూపిస్తాయి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం దూరొద్దు. సర్వీస్ గుంత గానీ లిఫ్టు గానీ లేకపోతే ఈ పని ఇంట్లో వద్దు.

ఇంకో సంగతి. 2014లో సెలేరియోతో మన దేశంలో వ్యాపించిన ఏఎంటీ కూడా క్లచ్ పెడల్ లేని బండే. కానీ లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్స్, మామూలు క్లచ్ ప్లేటే. దాంట్లో టార్క్ కన్వర్టర్ ఉండదు, ఎర్ర తేల్ పుల్ల కోసం వెతకాల్సిన పని లేదు.

పరదేస్‌లో పదేళ్లు మెహనత్ చేసి దాచిన పైసలతో సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొని కిరాయికి తిప్పుదామనుకునే మనిషి అమ్మేవాణ్ని మూడు మాటలు అడగాలి. ఇది ఏ రకం ఆటోమేటిక్? తేల్ చివరిసారి ఎప్పుడు, ఏ నంబరుది మార్చారు? దానికి రసీదు ఉందా? ఖలీజ్‌లో ఇంకొకరి బండి నడిపిన రోజుల్లో వీటిలో సగం జవాబు పుల్ల మీదే దొరికేది. ఇప్పుడు బండి తనదే. జవాబు మాత్రం అడిగి తెచ్చుకోవాలి.