మాండొలిన్‌కి కరెంటు ఎందుకు కావాల్సొచ్చింది?

ధర్మవరం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నా దగ్గర ఒక్క గిటార్‌కే డబ్బులున్నాయి. అందరూ ముందు అకౌస్టిక్ నేర్చుకో, ఎలక్ట్రిక్ తర్వాత అంటున్నారు. నిజమేనా?" అని.

షాపుకెళ్ళే ముందు ఒకసారి లేపాక్షి పోదాం రండి. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లే. నాట్యమండపం స్తంభాల మీద రంభ ఆడుతుంటే తుంబురుడు వీణ, బ్రహ్మ మద్దెల వాయిస్తుంటారు. కట్టించిన విరూపణ్ణ పెనుకొండలో రాయలవారి అధికారి. కాలం అచ్యుతరాయలది. 1550లో రామామాత్యుడు రాసిన 'స్వరమేళకళానిధి'లో ఒక వీణకి ఆ అచ్యుతరాయల పేరే ఉంది! తీగలు ఎలా శ్రుతి చెయ్యాలి, మెట్లు ఎక్కడ పెట్టాలి అని లెక్కగట్టిన పుస్తకం అది. అంటే ఏ వాయిద్యం, ఎలాంటిది అనే చర్చ మన సీమకి కొత్తేం కాదు.

గిటార్ కథ వేరే. అమెరికాలో పెద్ద బ్యాండ్లు వచ్చాక, బాకాలూ డ్రమ్ముల మధ్య పాపం గిటార్ వినబడేదే కాదు. స్టీలు తీగ కింద అయస్కాంతం, దానికి రాగితీగ చుట్ట. తీగ అదిరితే చుట్టలో కరెంటు పుడుతుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. 1932లో రికెన్‌బ్యాకర్ 'ఫ్రైయింగ్ పాన్' అమ్మకానికొచ్చింది. పేరు చూశారా, పెనం! 1936లో గిబ్సన్ ఈఎస్-150 వచ్చింది. వినబడాలనే ఇదంతా.

మన పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్‌కి కావాల్సింది మాత్రం ఇంకొకటి. మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. మీటితే టింగుమని వెంటనే ఆగిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలబడాలి, తీగ పక్కకి లాగాలి. జంటతీగల్ని ఒకే శ్రుతిలో లాగడం ఎంత కష్టమో చూడండి! అందుకే ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు, జంటలు తీసేసి ఐదు ఒంటితీగలు పెట్టుకున్నాడు. ఇదేం కచేరీ వాయిద్యమని పెదవి విరిచిన రసికులున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో వాయించేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, నలభై ఐదేళ్ళకే పోయాడు.

అందుకే తమ్ముడూ, ముందు అకౌస్టిక్కే అనే రూలేం లేదు. నలుగురిలో కూర్చుని, కార్డ్స్ వాయిస్తూ పాట పాడాలంటే అకౌస్టిక్ తీసుకో, ప్లగ్గు గొడవ ఉండదు. సినిమాపాటల్లో లీడ్ బిట్లు, స్వరాన్ని సాగదీసి వాయించడం నీకిష్టమైతే నేరుగా ఎలక్ట్రిక్కే. తీగలు సన్నగా ఉంటాయి, వేళ్ళు తక్కువ నొస్తాయి. కానీ ఆంప్ ఖర్చు కూడా కలుపుకో, బడ్జెట్ దెబ్బతినేది అక్కడే. బెంగళూరు వెళ్ళినప్పుడు షాపులో రెండూ చేతికి తీసుకో. ఒక్క తీగ మీటి, అది పూర్తిగా ఆగేదాకా విను. తొందరపెడితే పెట్టనీ. ఏది తెచ్చుకున్నావో చెప్పు.