పెండ్లిబట్ట – కుట్టుకూలి

కొలతలిచ్చి బట్టలు కుట్టించుకొనడం ఒకనాడు ప్రభువుల భోగం. నేడు హైదరాబాదులో అబిడ్స్ నుంచి నాంపల్లి వరకు నడిచే సామాన్య గృహస్థు కొడుకు పెండ్లికి షేర్వాణీ, కూతురి పెండ్లికి పనితనపు రవికె తన తాహతుకు తగిన వెలలో కుట్టించుకొనగలుగుతున్నాడు. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఆ వెల ఎట్లా తగ్గింది, ఎవరి వాటాలో నుంచి తగ్గింది అన్న ప్రశ్నను మన సాంఘిక చరిత్ర రచయితలు అంతగా పట్టించుకొనలేదు.

తెలుగువారి సంప్రదాయ వివాహంలో దర్జీకి చోటు తక్కువ. మధుపర్కాలు మగ్గం మీద నుంచి దిగిన ఎర్రంచు తెల్లబట్టలు. వాటికి కత్తెర తగలదు, సూది తగలదు. కలవాడైనా లేనివాడైనా పీటల మీద కట్టేది ఆ నూలుబట్టే. తెలంగాణలో కుట్టుపని కులవృత్తిగా గల మేరవారు లేకపోలేదు. కాని పెండ్లితంతులో వారి పాత్ర రవికె దగ్గర ఆగిపోయేది. కుట్టిన బట్టకు వైభవాన్ని, హోదాను కట్టబెట్టింది దర్బారు.

1869 నుంచి 1911 వరకు పాలించిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా పురానీ హవేలీలో నేటికీ ఉన్నది. అది రెండంతస్తుల కొయ్య కట్టడం. పై అంతస్తుకు చేతితో తిప్పే లిఫ్టు కూడా ఉన్నది. ఆయన ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడగలేదని జనం చెప్పుకుంటారు. ఆ ప్రభువు ఆంతరంగిక సేవకుడైన ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం వల్లనే అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. దర్బారు వేషం బజారుకు దిగివచ్చిన తీరు ఈ ఒక్క పేరులోనే కనిపిస్తుంది.

దిగిరావడానికి కారణాలు ఆర్థికమైనవి. 1874లో రైలు సికింద్రాబాదు చేరింది. 1907లో నాంపల్లి స్టేషను లేచింది. మిల్లుబట్ట రాక సులభమైంది. ప్రభుత్వ కార్యాలయాలు పెరిగాయి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొత్త విద్యావంతులను తయారుచేసింది. దస్తారు, బగ్లూసులతో కలిసి కొలువు వేషంగా ఉండిన షేర్వాణీ, హిందువు ముస్లిము అన్న భేదం లేకుండా ఉద్యోగి వేషమైంది, విద్యార్థి వేషమైంది. 1948లో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. డేవిడీల పోషణపై బ్రతికిన కారీగర్లకు ఇక మధ్యతరగతి ఇండ్లే దిక్కయ్యాయి. షేర్వాణీ క్రమంగా కచేరీని వదలి పెండ్లిపందిట్లో నిలిచింది. బేగముల ఆరుగజాల ఖడా దుపట్టా కూడా సామాన్య ముస్లిం కుటుంబాల పెండ్లికూతుళ్ళ వేషమైంది.

ప్రభువుల బట్ట గుమాస్తాకు అందాలంటే దాని వెల తగ్గాలి. ఆ తగ్గుదల మూడు విధాలుగా జరిగింది.

మొదటిది యంత్రం. 1851లో పేటెంటు పొందిన సింగర్ కుట్టుమిషను వాయిదాల పద్ధతి మీద ప్రపంచమంతా వ్యాపించింది. 1930లలో కలకత్తాలో ఉషా మిషను తయారీ మొదలైంది. రెండవది సరకు. అసలు జరీ అంటే వెండితీగకు బంగారుపూత. దాని స్థానంలో రాగితీగ, తరువాత ప్లాస్టిక్ జరీ వచ్చాయి. ఈ రెండూ విజ్ఞానం తెచ్చిన చవక, వీటిని ఆహ్వానించవలసిందే. మూడవది కూలి. అసలు చిక్కు ఇక్కడ ఉన్నది.

కుట్టుమిషనును గురించి ఇద్దరు మహనీయులు ఆలోచించారు. యంత్రాలను విమర్శించిన గాంధీజీ 1924లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చాడు. భార్య పడే శ్రమను చూడలేని భర్త ప్రేమలో నుంచి అది పుట్టిందని ఆయన భావన. మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ గ్రంథంలో అదే మిషను చిల్లర కుట్టుపనివాళ్ళ బ్రతుకులను ఎట్లా తలక్రిందులు చేసిందో చూపాడు. చేతికుట్టు దుస్థితిని కూడా ఆయన వదలలేదు. 1863 మార్చిలో ఇంగ్లండు యువరాజు పెండ్లి జరిగింది. ఆ కొత్తకోడలి గౌరవార్థం జూన్‌లో జరిగే విందుకు గొప్పింటి స్త్రీల గౌనులు కుడుతూ, మేరీ ఆన్ వాక్‌లీ అనే 20 ఏండ్ల పిల్ల 26½ గంటలు ఎడతెరిపి లేకుండా పనిచేసి మరణించింది. గాంధీజీ చూచింది ఇంటి మిషనును. మార్క్స్ చూచింది యజమాని గడువును. పనిముట్టు ఎవరిది, గడువు ఎవరిది అన్నదానిని బట్టి అదే సూది విముక్తీ అవుతుంది, ఉరీ అవుతుంది.

మన పెండ్లిబట్ట సంగతి చూడండి. కొలత తీసి కత్తిరించేవాడు మాస్టరు. మిషను త్రొక్కేవాడు వేరొకడు. మగ్గంపని చేసేవారు మరొకరు. కాజాలు, హుక్కులు, అంచుకుట్టు తరచు ఇండ్లలోని ఆడవారికి చేరతాయి. వీరిలో చాలామందికి లెక్క పీసుకే గాని రోజుకు కాదు. మాఘ ఫాల్గుణాలలో, శ్రావణంలో రాత్రింబవళ్ళు పని; ఆషాఢంలో, మూఢం రోజులలో మిషను మీద దుమ్ము. లేని పనిదినాల ఆకలి ఉన్న పనిదినాల కూలిలో కలవదు.

ఇక బేరం. గజం వెల మిల్లు నిర్ణయిస్తుంది, జరీ వెల వర్తకుడు నిర్ణయిస్తాడు. అంగట్లో అవి తగ్గవు. కుట్టుకూలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రతివాడూ బేరగాడే. బేరమాడే ఆడపిల్ల తండ్రిని నిందించి లాభం లేదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, కట్నం పోలేదు. మగపెండ్లివారి దగ్గర తగ్గించమనలేని నూరు రూపాయలు దర్జీ దగ్గర తగ్గించమంటాడు. ఒక పేద మరొక పేద కడుపు మీద ఆదా చేయవలసి రావడం వ్యవస్థ దోషం.

అందుచేత చవకగా కుట్టిన పెండ్లిబట్ట తప్పు అనడం నా ఉద్దేశం కాదు. సామాన్యుని కూతురు తన ఒంటికి అమరిన రవికె తొడుక్కొని పీటల మీద కూర్చొనడం అభ్యుదయమే. ఆ అభ్యుదయపు ఖర్చు కుట్టినవారి మీద పడరాదన్నదే ప్రశ్న. సరకును కలిసి కొని, పనిని కలిసి ఒప్పుకొనే సహకార సంఘాలు కావాలి. కాజాకు ఇంత, అంచుకు ఇంత అని వ్రాసిపెట్టిన రేటు ఇంటిలో పనిచేసే స్త్రీకి కూడా తెలియాలి. ఇంటిపట్టున పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను భారతదేశం ఇంకా అంగీకరించవలసే ఉన్నది. గృహస్థు వంతు కూడా కొంత ఉన్నది: పని ముందుగా ఇవ్వడం, అడ్వాన్సు ఇవ్వడం, తగ్గించుకోదలిస్తే జరీలో తగ్గించుకొని కూలిలో తగ్గించకపోవడం.

నేతగాని మగ్గాన్ని గురించి మన సాహిత్యం చాలా పలికింది. కాజాలు తీసే స్త్రీ ఇంకా ఏ కథలోనూ నిలదొక్కుకొనలేదనే చెప్పాలి. మన పెండ్లిఫొటోలలో అందరూ కనిపిస్తారు; ఆ బట్టలు కుట్టినవారు తప్ప. వారిని చరిత్రలోకి పిలవడం మన పని.