చర్చి నిలిచింది, శ్మశానం పోయింది: ఫిలడెల్ఫియా మదర్ బెతెల్ స్థల చరిత్ర

చర్చి చరిత్ర అనగానే దొరల ఫోటోలు, శంకుస్థాపన రాయి, పాస్టర్ల వరస ముందుకొస్తాయి. స్థలం ఎవరి పేరున ఉంది, ఇటుకలు ఎవరు మోశారు, తాళంచెవి ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నలు మాత్రం రావు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు నల్లజాతి మెథడిస్టుల చరిత్ర అంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. ఆ దేశంలో బానిసత్వం రద్దు కోసం పాటుపడినవాళ్లకు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని అంకితమిచ్చాడు. కాబట్టి ఈ కథ మనకు మరీ పరాయిది కాదు.

రిచర్డ్ అలెన్ 1760లో బానిసగా పుట్టాడు. తన శరీరానికి తానే వెల కట్టి, కూలి చేసి, యజమానికి డబ్బు చెల్లించి విముక్తుడయ్యాడు. మెథడిస్టులు తొలి రోజుల్లో బానిసత్వాన్ని గట్టిగానే ఖండించారు. వెస్లీ 1774లో దానిమీద పుస్తకమే రాశాడు. అమెరికన్ మెథడిస్టులు 1784లో బానిసల్ని వదిలిపెట్టాలని నియమం పెట్టుకున్నారు గానీ, కొద్ది నెలలకే దాన్ని పక్కన పెట్టేశారు. (మన సంస్కర్తల తీర్మానాలు గుర్తుకొస్తే తప్పు నాది కాదు!)

1786లో అలెన్ సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో తెల్లవారుజామున 5 గంటలకు ప్రసంగించేవాడు. ఆయన మాటకు నల్లవాళ్లు పెరిగారు. పెరిగేకొద్దీ తెల్లవాళ్లకు ఇబ్బంది పెరిగింది. మొదట గోడవారకు నెట్టారు. తర్వాత పైన గ్యాలరీ కట్టారు. దానికి నల్లవాళ్లూ చందాలిచ్చారు, చాకిరీ చేశారు. ఒక ఆదివారం అబ్సలొం జోన్స్ మోకాళ్లమీద ప్రార్థన చేస్తుంటే, అక్కడ కూర్చోకూడదంటూ చర్చి పెద్దలు పట్టి లేపారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్నా వినలేదు. ప్రార్థన ముగియగానే నల్లవాళ్లంతా ఒక్కుమ్మడిగా లేచి బయటికొచ్చేశారు. ఇది 1787లో జరిగిందని సంఘం నమ్మకం. గ్యాలరీ కట్టిన కాలాన్ని బట్టి 1792 ప్రాంతమని కొందరు చరిత్రకారులంటారు. ఏడాది మారినా తాము డబ్బిచ్చి కట్టిన చోటే తమను లేపారన్న సంగతి మారదు.

అలెన్ 1791లో ఆరో వీధి, లొంబార్డ్ వీధి కలిసేచోట స్థలం కొన్నాడు. ఒక పాత కమ్మరి కొలిమి కొట్టాన్ని కొని, తన గుర్రాలతో లాగించి ఆ స్థలంలో నిలబెట్టాడు. 1794లో అదే బెతెల్ చర్చి అయింది. కొలిమి కొట్టం దేవుడి ఇల్లు కావడం ఎంత బాగుంది!

అసలు పోరాటం దస్తావేజు దగ్గర వచ్చింది. 1796లో సంఘాన్ని రిజిస్టరు చేసేటప్పుడు పత్రాలు రాసిపెట్టింది ఒక తెల్ల పాస్టరు. ఆస్తి తమ చేతిలోనే ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే అది తెల్లవాళ్ల మహాసభ అజమాయిషీలోకి పోయింది. తర్వాత కొన్నేళ్లకు ఇంకో పాస్టరొచ్చి తాళంచెవులూ లెక్క పుస్తకాలూ ఇమ్మన్నాడు. అప్పుడు గానీ విషయం బయటపడలేదు. 1807లో సంఘం ఓటు వేసుకుని దస్తావేజుకు సవరణ చేసుకుంది. 1815లో చర్చి వేలానికొస్తే అలెన్ 10,125 డాలర్లకు పాడి దక్కించుకున్నాడు. అంటే తన స్థలాన్ని తానే రెండోసారి కొన్నాడు. 1816 మొదట్లో కోర్టు తీర్పు బెతెల్ పక్షాన వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం స్వతంత్రంగా ఏర్పడింది, అలెన్ దాని బిషప్ అయ్యాడు.

ఆ స్థలంలో ఇప్పుడున్నది 1889-90లో కట్టిన నాలుగో భవనం. కొలిమి కొట్టం ఎప్పుడో పోయింది. నల్లవాళ్ల యాజమాన్యంలో ఎడతెగకుండా ఉన్న స్థలాల్లో అమెరికాలోకెల్లా పాతది ఇదేనంటారు. 1972లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. అక్కడ భద్రపడింది గోడలు కావు, పట్టా. అలెన్ సమాధి కూడా భవనం అడుగునే ఉంది.

చర్చి నిలబడింది గానీ, అదే సంఘం 1810లో దూరంగా కొనుక్కున్న శ్మశానం నిలబడలేదు. నగరంలోని సాధారణ శ్మశానాలు తమకు దక్కని రోజుల్లో నల్లవాళ్లు కొనుక్కున్న నేల అది. 1864 వరకూ అక్కడ 5,000 మందికి పైగా పూడ్చారు. 1889లో కొత్త చర్చికి డబ్బు కావలసి సంఘం ఆ నేలను నగరానికి అమ్మేసింది. నగరం దాన్ని పార్కు చేసింది. తరాలపాటు పిల్లలు ఆ సమాధులమీదే ఆడుకున్నారు. తప్పు ఎవరిదంటే ఒక్క మాటలో చెప్పలేం. పేద సంఘానికి బతికున్నవాళ్ల గుడి కావాలా, చచ్చిపోయినవాళ్ల నేల కావాలా అన్న ఎంపిక ఎదురైంది. ధనవంతుల సంఘానికి అలాంటి ఎంపిక ఎదురుకాదు.

1920లలో ఫిలడెల్ఫియాలో నదిమీద పెద్ద వంతెన కడుతుంటే సెయింట్ జార్జి చర్చి దానికి అడ్డొచ్చింది. ఒక బిషప్ కోర్టుకెక్కి పోరాడాడు. చర్చిని కూల్చలేదు, వంతెననే 14 అడుగులు పక్కకు జరిపారు. ఆ చర్చి నిలవడం మంచిదే, అబ్సలొం జోన్స్‌ను లేపిన నేల కూడా సాక్ష్యంగా ఉండాలి. కానీ నల్లవాళ్ల శ్మశానం కోసం వంతెన కాదు గదా, ఉయ్యాల కూడా పక్కకు జరగలేదు.

టెరీ బకలూ అనే పరిశోధకుడు పాత పత్రికలూ మరణాల రికార్డులూ వెతికి ఆ శ్మశానాన్ని మళ్లీ లోకం ముందుకు తెచ్చాడు. 2013లో పార్కులో తవ్వితే కొద్ది అడుగుల లోతునే ఒక సమాధి రాయి దొరికింది. అమీలియా బ్రౌన్, 1819, వయసు 26 ఏళ్లు అని దానిమీద చెక్కి ఉంది. 2016లో ఆ స్థలమూ జాతీయ జాబితాలోకి వచ్చింది.

మన దగ్గర పరిస్థితి చూడండి. శతాబ్ది ఉత్సవం రాగానే పాత చర్చి పడగొట్టి స్లాబు వేస్తున్నారు. వాడ శ్మశానానికి చాలాచోట్ల పట్టా లేదు, పోరంబోకని రాసి ఉంటుంది, చుట్టూ చేలవాళ్లు ఏటా ఒక సాలు లోపలికి దున్నుతారు. పాస్టరేట్ల బీరువాల్లో బాప్తిస్మాల రిజిస్టర్లు, భూస్థాపనల రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. మన తాతల పేర్లు ఇంటిపేర్లతో సహా రాసి ఉన్న కాగితాలు వాటికంటే ఎక్కువ లేవు. విద్యార్థి మిత్రులు సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆ రిజిస్టర్లు నకలు తీసుకోవాలి, శ్మశానం సర్వే నంబరు తహసీల్దారు ఆఫీసులో అడిగి రాసుకోవాలి, స్లాబు వేసేలోపే.